పంటి నొప్పి పోయింది సరే, పన్ను సంగతేంటి?

గుంటూరులో పన్ను నొప్పి అని ఒక్కసారి పైకి అని చూడండి. పక్కింటి నుంచి లవంగం, ఎదురింటి నుంచి జామాకు, వాట్సాప్‌లో వెల్లుల్లి... పది నిమిషాల్లో అన్నీ వచ్చి పడతాయి. డాక్టరు అడ్రసు మాత్రం ఆఖర్లో వస్తుంది, అదీ 'రూట్ కెనాల్ అంటారు, వేలకి వేలు గుంజుతారు, జాగ్రత్త' అన్న హెచ్చరికతో కలిపి.

నేనూ ఆ బాపతే. పోయినేడాది ఎడమవైపు దవడ పన్ను మొదలెడితే పక్కింటి పిన్నిగారు లవంగ నూనె సీసా తెచ్చి, "దూది ముంచి పెట్టుకో అమ్మాయ్, ఇట్టే లాగేస్తది" అన్నారు. దూది మరీ తడిపేశానో ఏమో, నూనె చిగురు మీదకి కారి తెల్లారేసరికి అక్కడ తెల్లగా పొక్కిపోయింది. కానీ నొప్పి మాత్రం నిజంగానే లాగేసింది. మళ్లీ వస్తే మళ్లీ దూది, అలా నాలుగు నెలలు నెట్టుకొచ్చాను.

లవంగం ఉత్త మాటేం కాదు. అందులోని యూజెనాల్ నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది. జింక్ ఆక్సైడ్‌తో కలిపి పంటి డాక్టర్లు వందేళ్లకు పైగా వాడుతున్న మందే అది. చివరికి కొత్తపేటలో పంటి డాక్టరు కుర్చీ ఎక్కినప్పుడు నా పన్నులో పెట్టిన తాత్కాలిక సిమెంటు అచ్చం మా పోపుల డబ్బా వాసన వేసింది! కాకపోతే డాక్టరు ముందు పుచ్చంతా తీసి, శుభ్రం చేసి, అప్పుడు పెట్టారు. నేను పుచ్చు మీదే పెట్టుకున్నాను. తేడా అంతా అక్కడే ఉంది.

అందుకే 'ఆధారాలు లేవు' అని చిట్కాలన్నిటినీ ఒకే గాటన కట్టేసేవాళ్లతో నాకు పేచీ, 'మా తాతలు చేసింది తప్పా' అని ఎగిరేవాళ్లతోనూ పేచీయే. నేను అడిగేది ఒకటే, ఈ చిట్కా పనిచేయకపోతే నాకు పోయేదేంటి? చిగుళ్లు వాచినప్పుడు గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తే పోయేదేం లేదు, కాస్త హాయిగానే ఉంటుంది. కానీ పిప్పిపన్ను విషయంలో పోయేది రోజులు. పుచ్చు లోపలికి దిగి నరం చచ్చిపోతే నొప్పి దానంతటదే ఆగిపోతుంది. మనం ఆ వారం ఏ ఆకు నమిలామో దానికి పేరొస్తుంది. ఇన్ఫెక్షన్ మాత్రం వేరు దగ్గర చీము పట్టేదాకా చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. పిన్నిగారికి లవంగంతో నయమైందన్న పన్ను ఏదని అడిగితే నోరు తెరిచి ఖాళీ చూపించారు. "పన్ను ఊడింది గానీ నొప్పి మళ్లీ రాలేదు" అన్నారు, చాలా ధీమాగా.

నూనె పుక్కిలింతకి మన తెలుగువాళ్లలో అభిమానులు ఎక్కువే. ఆయుర్వేదంలో గండూషం, కవళం అని ఉన్నవే, 1990ల్లో ఆయిల్ పుల్లింగ్ పేరుతో ఇంటింటికీ వచ్చాయి, కీళ్లనొప్పుల దగ్గర్నుంచి ఉబ్బసం దాకా అన్నీ తగ్గుతాయన్నారు. పంటిగార, నోట్లో క్రిములు కొంత తగ్గినట్టు చిన్న చిన్న అధ్యయనాల్లో తేలింది గానీ, పుచ్చులు ఆగుతాయని, పళ్లు తెల్లబడతాయని చెప్పడానికి నమ్మదగిన ఆధారం లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ అంటుంది. చేసుకోండి, బ్రష్ మానకుండా. నేను నెల రోజులు చేశాను, పొద్దున్నే నోటి నిండా నూనెతో పాలబ్బాయికి సైగలు చేయడం తప్ప పెద్ద తేడా కనబడలేదు.

పందుంపుల్లని మాత్రం నేను తీసిపారెయ్యను. వేపపుల్ల నమిలితే చివర కుంచెలా విడుతుంది, ఓపిగ్గా తోమితే గార పోతుంది. మిస్వాక్ పుల్ల అలవాటున్న చోట వాడుకోమని 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. అది వేరే చెట్టనుకోండి, తోమడం మాత్రం అదే. పుచ్చు పట్టకుండా పేస్టులో కొద్దిగా కలిపే ఫ్లోరైడ్ పుల్లలో రాదు, అంతే.

నాకు ఒళ్లు మండేది బొగ్గుపొడి, ఇటుకపొడి, నిమ్మరసంలో సోడా ఉప్పు లాంటివాటిని చూస్తే. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. నిమ్మరసం పీహెచ్ రెండుకి కాస్త అటూ ఇటూ, నోట్లో పీహెచ్ 5.5 కిందికి దిగితేనే పంటి పైపొర కరగడం మొదలెడుతుంది. అలా మెత్తబడ్డ పంటిని గరుకు పొడితో రుద్దితే ఏమవుతుంది? పైపొర పోతే మళ్లీ పుట్టదు, మంచినీళ్లు తాగినా జివ్వుమంటుంది. కనిగిరి వైపు, పల్నాడు మెట్ట ఊళ్ల వైపు ఫ్లోరైడ్ మరీ ఎక్కువున్న బోరునీళ్లు తాగి పెరిగిన పిల్లలు గోధుమరంగు పళ్లని చూసుకుని సిగ్గుపడి ఇదే పని చేస్తారు. ఆ మరక పై మురికి కాదు. పన్ను తయారయ్యేటప్పుడే లోపల పడింది, రుద్దితే పోయేది పన్నే.

జనం చిట్కాలు పట్టుకుని వేలాడేది మూఢనమ్మకంతో అనుకుంటే పొరపాటు, బిల్లు భయం అది. విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, గుంటూరు పక్కన తక్కెళ్లపాడులో ప్రైవేటు డెంటల్ కాలేజీ ఉంది. ఇలాంటి చోట్ల రెండు మూడుసార్లు తిరగాల్సొస్తుంది గానీ ఖర్చు మామూలుగా బయటికన్నా తక్కువే అవుతుంది. లవంగం అక్కడికి వెళ్లేదాకా ఆ రాత్రికి సరిపోతుంది, రెండో రాత్రికి కూడా. మూడో రాత్రి కూడా దూది వెతుకుతున్నారంటే చిట్కా పని చేయట్లేదని అర్థం. దవడ వాచినా, జ్వరమొచ్చినా ఆ రెండు రాత్రులు కూడా ఆగకండి.

మా వీధి చివర బడ్డీకొట్టాయన ఖైనీ వేస్తాడు. బుగ్గ లోపల తెల్లటి మచ్చకి నెల నుంచి పసుపూ తేనే రాస్తున్నాడట, మంట తగ్గిందని మురిసిపోతున్నాడు. నోట్లో పుండు గానీ మచ్చ గానీ రెండు వారాలు దాటితే చూపించాల్సిందే, పొగాకు వాడేవాళ్లయితే మరీను, క్యాన్సర్‌కి మొదలు అలాగే ఉండొచ్చు. సోమవారం ఓపీకి తీసుకెళ్తానన్నాను. కొట్టు ఎవరు చూస్తారండీ అన్నాడు. పొద్దుటి పూట నేను కూర్చుంటానంటే, తమ్ముణ్ని తోడు తీసుకుని వెళ్లొస్తానని ఒప్పుకున్నాడు.