సవరణ: సైకిల్ ఎడమవైపే, నడక కుడివైపు

ఫుట్‌పాత్ లేని రోడ్ల గురించి మొన్న పెట్టిన పోస్టులో ‘నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు కుడివైపున, ఎదురొచ్చే బండ్లను చూస్తూ వెళ్లాలి’ అని రాశాను. సైకిల్ విషయంలో అది తప్పు, పొరపాటు నాదే. ఆ సలహా నడిచేవాళ్లకు మాత్రమే.

మన దేశంలో సైకిల్ కూడా బండే. మిగతా వాహనాల్లాగే ఎడమ అంచున, ట్రాఫిక్ వెళ్లే దిశలోనే తొక్కాలి. రోడ్డు భద్రతపై ప్రభుత్వ సూచనల్లోనూ ఇదే ఉంది.

కారణం వేగం. గంటకు 15 కిలోమీటర్లతో వెళ్లే సైకిల్‌కి 40తో కారు వెనక నుంచి వస్తే తేడా 25. అదే ఎదురెదురైతే 55! పైగా సందులోంచి మెయిన్ రోడ్డు మీదకు ఎడమకు తిరిగే డ్రైవర్ కుడివైపే చూస్తాడు, రాంగ్‌సైడ్‌లో వచ్చే సైకిల్ కనిపించదు.

స్కూలుకి సైకిల్ మీద వెళ్లే పిల్లలకు పాత పోస్టు చూపించి ఉంటే, దయచేసి ఇది కూడా చెప్పండి.