ఆమెకు చెప్పకుండా రాసే మాత్ర

మూర్ఛకు వాడే మందుల్లో సోడియం వాల్‌ప్రోయేట్ ఒకటి. వాల్‌పారిన్, ఎన్‌కోరేట్ వంటి పేర్లతో మన పట్టణాల్లోని మందుల షాపుల్లో సులువుగా దొరుకుతుంది. గర్భవతి ఈ మాత్ర వాడితే పుట్టే ప్రతి 10 మంది పిల్లల్లో సుమారుగా ఒకరికి పుట్టుకతోనే అవయవ లోపం ఉండవచ్చని, 10 మందిలో ముగ్గురు నలుగురికి మాట, నడక, జ్ఞాపకశక్తి, చదువు వెనుకబడవచ్చని ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థ ఏళ్ల తరబడి హెచ్చరిస్తోంది. 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో అడుగు ముందుకు వేసి, పిల్లలను కనే వయసున్న స్త్రీలకు, ఆడపిల్లలకు ఈ మందు రాయకూడదని తేల్చి చెప్పింది. అయినా మన ఆస్పత్రుల్లో ఆడపిల్లల చేతికి ఈ మందు చీటీ అందుతూనే ఉంది. దాంతో పాటు అందాల్సిన నాలుగు మాటలు మాత్రం చాలాసార్లు అందడం లేదు. ఈ మౌనాన్ని వైద్యుల సొంత వ్యవహారంగా వదిలేయడం ఇక కుదరదు.

ముందే ఒక విషయం స్పష్టం చేయాలి. ఈ మాత్ర వాడుతున్నవారెవరూ, గర్భంతో ఉన్నవారు సైతం, ఇది చదివి భయపడి తమంతట తాము మందు మానేయకూడదు. మూర్ఛ మందును ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి తెరిపి లేకుండా వచ్చే ప్రమాదం ఉంది. అది తల్లి ప్రాణానికీ, కడుపులోని బిడ్డ ప్రాణానికీ ముప్పు. మందు మార్చాల్సి వస్తే ఆ పని వైద్యుడే చేయాలి, అదీ మరో మందును కలుపుతూ, దీన్ని మెల్లమెల్లగా తగ్గిస్తూ చేయాలి. మా ఆగ్రహం మాత్ర మీద కాదు. దాని సంగతి తెలిసినవారు, దాన్ని మింగే మనిషికి ఆ సంగతి చెప్పకపోవడం మీద.

ఇప్పుడు వాడుకలో ఉన్న మూర్ఛ మందులేవీ జబ్బును వేళ్లతో సహా పెకలించేవి కావు. మెదడులో ఒక్కసారిగా చెలరేగే విద్యుత్ సంకేతాలను అవి అదుపులో ఉంచుతాయి. మెదడు కణాల పొరల్లో సోడియం లోపలికి వెళ్లే సన్నని ద్వారాలుంటాయి. ఒక కణం ఆగకుండా సంకేతాలు పంపుతున్నప్పుడు ఫెనిటాయిన్, కార్బమజెపైన్, లామోట్రిజిన్ అనే మందులు ఆ ద్వారాలు వెంటనే తిరిగి తెరుచుకోకుండా పట్టి ఉంచుతాయి. మామూలు వేగంతో పనిచేసే కణాల జోలికి అంతగా పోవు. ఫినోబార్బిటోన్, క్లోబజామ్ మరో దారిలో పనిచేస్తాయి. కణాలను శాంతింపజేసే గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచుతాయి. లెవెటిరాసెటమ్ అయితే కణాల మధ్య సంకేత రసాయనాలు విడుదలయ్యే చోట ఉండే ఒక ప్రోటీన్‌కు అంటుకుని తన పని చేస్తుంది. వాల్‌ప్రోయేట్ వీటిలో ఏదో ఒక దారికే కట్టుబడదు. సోడియం ద్వారాల మీద, కొన్ని రకాల కాల్షియం ద్వారాల మీద, గాబా మీద కూడా దాని ప్రభావం ఉంటుంది. అందువల్ల పొద్దున్నే చేతులు ఉలిక్కిపడే రకం, చూపు ఉన్నచోటే నిలిచిపోయే రకం, ఒళ్లంతా కొట్టుకునే రకం, ఇన్నిటికీ అది పనికొస్తుంది. కార్బమజెపైన్, ఫెనిటాయిన్ అలా కాదు. చేతులు ఉలిక్కిపడే మూర్ఛకు వాటిని ఇస్తే జబ్బు ముదిరే అవకాశమూ ఉంది.

ఈ మంచి గుణమే చిక్కు తెచ్చిపెట్టింది. నరాల వైద్యులు కొద్దిమందే ఉన్నచోట, మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ పరీక్షకు రోజుల తరబడి తిరగాల్సిన చోట, ఏ రకం మూర్ఛో తేల్చకుండానే అన్నిటికీ పనికొచ్చే మాత్ర రాసేయడం సులువు. ధర కూడా తక్కువే. పైగా దీని వాడకం మూర్ఛతో ఆగలేదు. మనసు ఒకసారి ఉప్పొంగి, ఒకసారి కుంగిపోయే బైపోలార్ రుగ్మతకు, చివరికి మైగ్రేన్ తలనొప్పికి కూడా రాస్తున్నారు. గర్భవతుల మైగ్రేన్‌కు దీన్ని అసలు వాడరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లోనే ఆదేశించింది. వేరే మందులు ఎన్నో ఉండగా, తలనొప్పితో వచ్చిన పెళ్లీడు అమ్మాయికి ఈ మందే రాయాల్సిన అవసరం ఏమిటో, రాసేటప్పుడు నోరు విప్పకపోవడానికి కారణమేమిటో ఆ వైద్యులే చెప్పాలి.

యుక్తవయసులో మొదలయ్యే కొన్ని రకాల మూర్ఛకు దీనికి సాటివచ్చే మందు లేదని, 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనం కూడా అలాంటి రోగుల్లో లెవెటిరాసెటమ్ కంటే ఇదే మెరుగని తేల్చిందని, అదుపు తప్పిన ఫిట్స్ కూడా గర్భిణికి ప్రమాదమేనని కొందరు నిపుణులు అంటున్నారు. అందులో నిజముంది. అయితే ఆ లాభనష్టాలు బేరీజు వేయాల్సింది వైద్యుడొక్కడేనా? తన కడుపున పుట్టబోయే బిడ్డ విషయంలో ఎంత ముప్పును భరించాలో ఆ అమ్మాయే నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయం తీసుకోవాలంటే ముందు ఆమెకు సంగతి తెలియాలి. మేలైన మందన్న వాదన చెప్పకపోవడానికి సాకు కాజాలదు. ఇంకా వివరంగా చెప్పాల్సిన బాధ్యతనే అది పెంచుతుంది.

ఈ ముప్పు నిన్నమొన్న బయటపడింది కాదు. 1967లో ఫ్రాన్స్‌లో అమ్మకానికి వచ్చిన మందు ఇది. 1973లోనే బ్రిటన్ ఔషధ భద్రతా కమిటీ, గర్భస్థ శిశువుకు హాని జరగవచ్చని వైద్యులకు తెలియజేస్తూనే, రోగుల కంట పడే కాగితంలో మాత్రం ఆ మాట ఉండకూడదని అనుకున్నట్టు తర్వాతి కాలంలో వెలుగుచూసిన పత్రాలు చెబుతున్నాయి. 1982లో ఫ్రాన్స్‌లోని లియాన్ నుంచి, ఈ మందు వాడిన తల్లుల బిడ్డల్లో వెన్నెముక సరిగా మూసుకోని లోపం అసాధారణంగా ఎక్కువగా ఉందన్న నివేదిక వచ్చింది. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు తల్లులకు సరిగా చెప్పినవారు లేరు. 1967 నుంచి తమ దేశంలో 2,150 నుంచి 4,100 మంది పిల్లలు ఈ మందు వల్ల తీవ్రమైన అవయవ లోపాలతో పుట్టి ఉంటారని 2017లో ఫ్రాన్స్ ఆరోగ్య అధికారులు అంచనా వేశారు. ఒక్క దేశంలో, ఒక్క మందుతో వచ్చిన లెక్క అది. బ్రిటన్‌లో బాధిత తల్లుల మాట ఎవరూ వినలేదని 2020లో ప్రభువుల సభ సభ్యురాలు జూలియా కంబర్లెజ్ నాయకత్వంలోని సమీక్ష తప్పుబట్టింది. తెలిసినవారు దాచడం, తెలియనివారు నష్టపోవడం, నష్టపోయాక విచారణలు జరపడం అక్కడ జరిగిన తంతు. దాన్ని చూసి కూడా మనం అదే దారిన నడుస్తున్నాం.

అక్కడివారు ఆలస్యంగానైనా మేలుకున్నారు. 2018 నుంచి ఐరోపా దేశాల్లో ఈ మందు వాడే, గర్భం దాల్చే అవకాశమున్న ప్రతి మహిళా ఏటా ఒకసారి నిపుణుడిని కలవాలి, ముప్పును తాను అర్థం చేసుకున్నానని కాగితంపై సంతకం చేయాలి, గర్భం రాకుండా నమ్మకమైన పద్ధతి పాటించాలి. 2023 అక్టోబర్ నుంచి బ్రిటన్‌లో మందుల షాపులు ఈ మాత్రలను విడగొట్టకుండా, తయారీదారు హెచ్చరికలున్న పూర్తి ప్యాకెట్టుగానే ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. ఇప్పుడు మన సంగతి చూడండి. కౌంటరు దగ్గర షీటును కత్తెరతో కోసి, కావాల్సినన్ని మాత్రలు చిన్న కాగితం కవరులో వేసి ఇస్తారు. పెట్టెలోని వివరాల కాగితం షాపులోనే ఉండిపోతుంది. అది చేతికి వచ్చినా సన్నటి అక్షరాల ఇంగ్లిషులో ఉంటుంది. అందువల్ల వైద్యుడు చెప్పని మాట ఆమెకు మరో దారిలో తెలిసే అవకాశమే లేదు. మన ఓపీ గదుల్లో, ముప్పును అర్థం చేసుకున్నానన్న పత్రాన్ని తెలుగులో చదివి సంతకం చేసిన మూర్ఛ రోగి ఎవరైనా ఉంటే ముందుకు వచ్చి చెప్పాలి.

హైదరాబాద్‌ను ఔషధ తయారీకి రాజధానిగా చెప్పుకుంటూ రెండు తెలుగు రాష్ట్రాల పాలకులు గర్వపడతారు. విదేశాలకు ఎగుమతి చేసే మందులపై ఆయా దేశాలు కోరిన భాషలో, కోరిన హెచ్చరికను, కోరిన బొమ్మతో సహా ముద్రించి పంపడం మన కంపెనీలకు కొత్త కాదు. పరాయి దేశపు గర్భిణి కోసం చేయగలిగిన పని, పాలకొల్లులోనో పరకాలలోనో ఉన్న గర్భిణి కోసం ఎందుకు చేయరు? ఇంతటి ద్వంద్వనీతికి సాంకేతిక కారణం ఏదీ లేదు. అడిగేవారు లేకపోవడమే కారణం. ఇక్కడ అడగాల్సింది ఔషధ నియంత్రణ శాఖ. అది అడగడం లేదు.

మన ఇళ్లలోని పరిస్థితి ఈ మౌనాన్ని ఇంకా ప్రమాదకరంగా మారుస్తోంది. ఫిట్స్ వస్తాయని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని తల్లిదండ్రులు జబ్బును దాచిపెడతారు. మూర్ఛను పెళ్లి చెల్లకపోవడానికి కారణంగా చూపే అవకాశాన్ని హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తొలగించారు. చట్టం మారినా పెళ్లిచూపుల్లో అడిగే ప్రశ్నలు మారలేదు. అత్తవారింట మాత్రలను బీరువాలో బట్టల కింద దాచి, ఎవరూ చూడకుండా మింగే కోడళ్లు ఉన్నారు. వారిలో కొందరు దొరికిపోతామన్న భయంతో మాత్రలు మానేసి ఫిట్స్ తెచ్చుకుంటారు. మరికొందరు గర్భం వచ్చాక కూడా ప్రసూతి వైద్యురాలికి ఈ సంగతి చెప్పకుండా మాత్రలు వేసుకుంటూ ఉంటారు. ఇంట్లో దాపరికం, ఆస్పత్రిలో దాపరికం కలిసినప్పుడు ఆ అమ్మాయికి దిక్కెవరు?

గర్భం వచ్చాక చూసుకోవచ్చులే అనుకుంటే అది పొరపాటు. బిడ్డ మెదడుగా, వెన్నుపాముగా మారే నాళం గర్భధారణ జరిగిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. చాలామందికి అప్పటికి నెల తప్పిందన్న సంగతే తెలియదు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి పేరు నమోదు చేసి, ఏఎన్‌ఎం ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చేసరికి ఆ ఘడియ దాటిపోతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో 18 నిండకుండానే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. చేతులు ఉలిక్కిపడే రకం మూర్ఛ సాధారణంగా 12 నుంచి 18 ఏళ్ల మధ్య మొదలవుతుంది. అంటే ఎనిమిదో తరగతిలో ఈ మాత్ర మొదలుపెట్టిన పిల్ల, దాని సంగతి తెలియకుండానే నాలుగైదేళ్లలో తల్లి కావచ్చు. అందుకే చెప్పాల్సిన రోజు మొదటి చీటీ రాసిన రోజే. చిన్నపిల్ల కదా, ఇప్పుడెందుకు అని వాయిదా వేయడం కూడా దాచడమే.

మార్గాలు లేవా అంటే ఉన్నాయి. మూర్ఛ మందులు వాడిన గర్భిణుల వివరాలు నమోదు చేసే అంతర్జాతీయ రిజిస్ట్రీ 2018లో వెలువరించిన లెక్కల ప్రకారం, పెద్ద అవయవ లోపాలతో పుట్టిన పిల్లలు వాల్‌ప్రోయేట్ వాడినవారిలో 10.3 శాతం, ఫెనిటాయిన్‌తో 6.4, కార్బమజెపైన్‌తో 5.5, లామోట్రిజిన్‌తో 2.9, లెవెటిరాసెటమ్‌తో 2.8 శాతం. చివరి రెండూ సాధారణ జనాభాలో కనిపించే 2, 3 శాతానికి దగ్గరగానే ఉన్నాయి. వాల్‌ప్రోయేట్‌లోనూ మోతాదు ముఖ్యం. రోజుకు 650 మిల్లీగ్రాములు మించకపోతే 6.3 శాతం, 1,450 మిల్లీగ్రాములు దాటితే 25.2 శాతం. తప్పనిసరై ఆ మందే వాడాల్సి వచ్చినా మోతాదు తగ్గించి ముప్పును తగ్గించవచ్చన్నమాట. ఇవి విదేశీ లెక్కలని కొట్టిపారేయడానికీ వీల్లేదు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్య సంస్థ 1998 నుంచి మూర్ఛ ఉన్న గర్భిణుల వివరాలు నమోదు చేస్తూ, వాల్‌ప్రోయేట్ విషయంలో ఇదే హెచ్చరిక చేస్తోంది. లెవెటిరాసెటమ్ మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉంది. జాబితాలో ఉన్న మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అలమరాలో కూడా ఉండేలా చూడటం రాష్ట్ర ప్రభుత్వాల పని.

రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ శాఖలు ఈ మాత్రల షీటు కోసి అమ్మడాన్ని వెంటనే నిషేధించాలి. ప్యాకెట్టు మీద తెలుగులో, బొమ్మతో సహా హెచ్చరిక ఉండేలా కేంద్రంపై ఒత్తిడి తేవాలి. ఈ మందు రాసే ప్రతి వైద్యుడూ ఏటా ఆ అమ్మాయితో విడిగా మాట్లాడి, తెలుగులో ఉన్న పత్రంపై సంతకం తీసుకోవాలని వైద్య మండళ్లు ఆదేశించాలి. బిడ్డను కోరుకున్నప్పుడు కనీసం కొన్ని నెలల ముందే వచ్చి కలవాలని, కార్బమజెపైన్, ఫెనిటాయిన్ వంటి మందులకు మారితే గర్భనిరోధక మాత్రల బలం తగ్గుతుందని కూడా ఆ సంభాషణలోనే చెప్పాలి. ఓపీలో రద్దీ ఎక్కువని, అంత సమయం లేదని వైద్య సంఘాలు అంటాయని మాకు తెలుసు. మోతాదు పెంచుతూ చీటీ తిరగరాయడానికి ఏళ్ల తరబడి దొరుకుతున్న సమయం, ఏడాదికి ఒక్కసారి అయిదు నిమిషాలు మాట్లాడటానికి దొరకలేదంటే ఈ పత్రిక ఒప్పుకోదు. ఆ అయిదు నిమిషాలు ఇవ్వలేని వైద్యుడికి ఒక ఆడపిల్లకు ఈ మాత్ర రాసే హక్కు లేదు.