ప్రాక్టీసులో దెబ్బ తిన్న పిచర్‌ని చూసి నవ్వేవాళ్ళకి

కోపం ఇంకా దిగలేదు. దిగేదాకా ఆగితే రాయను కూడా, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మా అమ్మాయి ఇక్కడ అమెరికాలో కాలేజీ సాఫ్ట్‌బాల్ టీమ్‌లో పిచర్ (బేస్‌బాల్ లాంటి ఈ ఆటలో చెయ్యి కింద నుంచి తిప్పి బంతి వేసే అమ్మాయి) అని మీలో చాలామందికి తెలుసు. ఈరోజు వాళ్ళలో వాళ్ళకే స్క్రిమేజ్ జరిగింది. ఒకే టీమ్‌ని రెండు ముక్కలు చేస్తారు, వాళ్ళ పిచర్లు వాళ్ళ బ్యాటర్లకే బంతులు వేస్తారు. తల్లిదండ్రులు వెళ్ళి చూడొచ్చు, నేనూ వెళ్ళాను. ఇంటికి చేరేలోపే పేరెంట్స్ గ్రూప్‌లో ఒక వీడియో వచ్చి పడింది. మా అమ్మాయి వేసిన చేంజప్‌ని (వేగం తగ్గించి బ్యాటర్‌ని మోసం చేసే బంతి) సొంత టీమ్ అమ్మాయి కొడితే బంతి ఫెన్స్ దాటిపోయింది, హోమ్ రన్, మన క్రికెట్‌లో సిక్స్ లాంటిది. కింద నవ్వు బొమ్మలు, వాటి పక్కన "ఇదేనా మన ఏస్?" (టీమ్‌లో అందరికన్నా మేటి పిచర్) అని ఒక వ్యాఖ్య. పెట్టింది ఆ హోమ్ రన్ కొట్టిన అమ్మాయి తండ్రి అయితే సంతోషం పట్టలేక పెట్టాడులే అనుకునేదాన్ని. కాదు. అదే టీమ్‌లో ఉన్న ఇంకో పిచర్ తండ్రి. వాళ్ళమ్మాయి కూడా రేపో ఎల్లుండో అదే సర్కిల్‌లో, పిచర్లు బంతి వేసే చోట, నిలబడి అదే బ్యాటర్లకి వేయాలి కదా!

ఆ వీడియోలో లేనిది నేను చెప్తాను. ఆ చేంజప్ వేయమన్నది కోచ్. ఈరోజు రైజ్ బాల్ (పైకి లేస్తున్నట్టు వచ్చే బంతి) ముట్టుకోవద్దు, కౌంట్ (బాల్స్, స్ట్రైక్స్ లెక్క) ఎలా ఉన్నా చేంజప్ వేయి అని ముందే చెప్పి పంపింది. మా అమ్మాయి బలం రైజ్ బాల్, బలహీనత చేంజప్. రెండు బాల్స్ (పక్కకి పోయిన బంతులు) పడి స్ట్రైక్ (సరైన చోట పడిన బంతి, లేదా బ్యాటర్ కొట్టబోయి తప్పినది) ఒక్కటీ లేనప్పుడు, బ్యాటర్ కాచుకుని కూర్చున్నప్పుడు, తనకి నమ్మకం లేని బంతిని వేయడం ఎంత కష్టమో ఆ సర్కిల్‌లో నిలబడితే తెలుస్తుంది. సీజన్ ఫిబ్రవరిలో మొదలవుతుంది. బలహీనమైన బంతిని ఇప్పుడు వేసి దెబ్బలు తినకపోతే ఎప్పుడు తింటుంది? ఫిబ్రవరిలో స్కోర్‌బోర్డు ముందా?

ఇంకొక సంగతి. ఆ హోమ్ రన్ కొట్టింది మా అమ్మాయి వేసే బంతులు పట్టే క్యాచర్. పొద్దున బుల్‌పెన్‌లో (పిచర్లు వార్మప్ చేసే చోట) మా అమ్మాయి బంతులన్నీ పట్టింది ఆ అమ్మాయే. ఏ బంతికి వేళ్ళు ఎక్కడ పెడుతుందో, చేంజప్‌కి ముందు గ్లవ్ ఎంత తెరుచుకుంటుందో, అలిసిపోతే ఏ బంతి ముందు జారుతుందో ఆ అమ్మాయికి తెలిసినంతగా కన్నతల్లిని నాకు కూడా తెలియదు. అలాంటి మనిషి ఎదురుగా బ్యాట్ పట్టుకుని నిలబడితే కొట్టకపోతే ఆశ్చర్యపోవాలి. ఆ అమ్మాయిని నేను ఒక్క మాట కూడా అనను, బంగారం లాంటి పిల్ల. కొట్టిన వెంటనే బేస్‌లు చుట్టి వచ్చి మా అమ్మాయితో గ్లవ్ కలిపి ఏదో చెప్పింది, ఏం కనిపించిందో చెప్పినట్టుంది. ఆ ముక్క వీడియోలో కోసేశారు.

2004లో జెన్నీ ఫించ్ అనే సాఫ్ట్‌బాల్ పిచర్ ఒక ఎగ్జిబిషన్ ఆటలో ఆల్బర్ట్ పుహోల్స్‌ని స్ట్రైకవుట్ (మూడు స్ట్రైక్స్‌తో అవుట్) చేసింది. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అప్పటి గొప్ప బ్యాటర్లలో ఒకడు. ఆయనకి బలం లేకనా? కింద నుంచి వచ్చే ఆ బంతి ఆయన కంటికి అలవాటు లేదు, అంతే. బేస్‌బాల్ పిచర్ 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి వేస్తాడు. కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో ఆ దూరం 43 అడుగులే. డెబ్బై మైళ్ళ వేగంతో వేస్తే బంతి బ్యాటర్ దగ్గరికి చేరడానికి అర సెకను కూడా పట్టదు. టెనెసీ పిచర్ కార్లిన్ పికెన్స్ 2025లో ఒక బంతిని 79.4 మైళ్ళ వేగంతో వేసింది. ఆ వేగానికి కన్ను అలవాటు పడడమే బ్యాటర్‌కి సగం పని. సొంత టీమ్ బ్యాటర్లకి ఆ సగం పని ఎప్పుడో అయిపోయింది. ఏడాదంతా ఈ చేతినే చూస్తున్నారు.

లోపలి బంతి మాట కూడా చెప్పాలి. మ్యాచ్‌లో బ్యాటర్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే తెల్ల పలక) మీదికి వచ్చి నిలబడితే పిచర్ శరీరానికి దగ్గరగా ఒక బంతి వేసి వెనక్కి జరుపుతుంది. అది ఆటలో భాగమే, ఎవరూ తప్పు పట్టరు. ప్రాక్టీసులో ఎదురుగా ఉన్నది రాత్రి పక్క మంచం మీద పడుకునే పిల్ల. చెయ్యి జారి మోచేతికో మణికట్టుకో తగిలితే ఆ పిల్ల సీజన్ అక్టోబరులోనే అయిపోతుంది. అందుకని పిచర్లు తెలిసీ తెలియకుండానే బయటి వైపే వేస్తారు. ఆ సంగతి బ్యాటర్లకి తెలుసు, ప్లేట్‌కి అతుక్కుని నిలబడి బయటి బంతి కోసమే చూస్తారు. సగం ప్లేటు మూసేసి, తనకున్న మంచి బంతిని పక్కన పెట్టేసి, తన లోగుట్టు అంతా తెలిసిన మనిషికి బంతి వేయమని పంపి, దెబ్బ తినగానే నవ్వుతారా? నెట్స్‌లో బుమ్రాని ఎవరు ఎన్ని ఫోర్లు కొట్టారో స్కోరు రాసేవాడిని మా ఆయన ఇంతవరకు చూడలేదట. క్రికెట్ చూసి పెరిగిన ఆయనకి ఇది ఒక్క నిమిషంలో అర్థమైంది. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌బాల్ చూస్తున్నామని చెప్పుకునేవాళ్ళకి అర్థం కాలేదు.

పైగా పిచర్‌కి ఇందులో గెలుపనేదే లేదు. బ్యాటర్లందరినీ అవుట్ చేస్తే ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్ళు "ఈ ఏడు మన బ్యాటింగ్ లేదు" అంటారు. బ్యాటర్లు కొడితే "పిచింగ్ లేదు" అంటారు. ఏది జరిగినా ఎవరో ఒక తల్లి గుండెలో రాయి పడుతుంది. మా అమ్మాయి ఒక పిల్లని స్ట్రైకవుట్ చేసినప్పుడు నేను చప్పట్లు కొట్టలేను, ఆ పిల్ల తల్లి నా పక్కనే కూర్చుని ఉంటుంది. ఆవిడా అంతే. మా ఇద్దరి మధ్య మాట్లాడుకోని ఒప్పందం అది. మంచి బంతి పడితే "గుడ్ పిచ్" అని ఆవిడే అంటుంది, మంచి దెబ్బ పడితే నేను అంటాను. తల్లులు ఇంత మర్యాదగా నడుపుకుంటున్న చోట ఒకాయన ఫోన్ పట్టుకుని వచ్చి చెడగొట్టాడు.

ఎందుకు పెట్టాడో నాకు తెలియదనుకోకండి. కాలేజీ ఆటగాళ్ళకి డబ్బు చెల్లించడం మీద 2025లో వచ్చిన కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత, అందులో చేరిన కాలేజీల్లో సాఫ్ట్‌బాల్ టీమ్‌కి 25 మందే అన్నారు. అంతకు ముందు డివిజన్ వన్‌లో (కాలేజీ ఆటల్లో పై స్థాయి) ఒక్కో టీమ్‌కి 12 స్కాలర్‌షిప్పులు, వాటినే ముక్కలు చేసి అందరికీ పంచేవారు. (మన తెలుగు పిక్నిక్‌లలో "మీకేంటండీ, ఫుల్ స్కాలర్‌షిప్" అనేవాళ్ళంతా ఈ వాక్యం ఇంకోసారి చదవండి. ఆ ముక్కల్లో మాకు వచ్చింది ఎంతో, ట్రావెల్ బాల్‌కి (స్కూల్ బయట ఊరూరా తిరిగి ఆడే టీమ్‌లకి) ఎన్నేళ్ళు ఎంత పోశామో అడగరు. "ఆడపిల్లకి ఈ బంతాట ఎందుకు" అని మాత్రం అడుగుతారు.) చోటు తగ్గితే ప్రతి స్క్రిమేజూ పరీక్షే. ఆ పరీక్షలో పక్క పిల్ల దెబ్బ తిన్న ముక్కని కోసి అందరికీ పంపితే తన పిల్లకి బంతి వేసే ఇన్నింగ్స్ పెరుగుతాయని ఆయన లెక్క. కోచ్ దగ్గర ప్రతి బంతి లెక్కా ఉంటుంది బాబూ, ఏ బంతి వేయమని తనే చెప్పిందో కూడా తనకి గుర్తుంటుంది. నీ వీడియో చూసి నిర్ణయం తీసుకోదు. కానీ మా అమ్మాయి మాత్రం చూస్తుంది. చూసింది.

బ్యాటర్లు మళ్ళీ మళ్ళీ చూస్తే ఎంత గొప్ప పిచర్‌కైనా దెబ్బ తప్పదని 2025 జూన్‌లో దేశమంతా చూసింది. ఓక్లహోమా సిటీలో విమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్ ఫైనల్, టెక్సాస్‌కీ టెక్సాస్ టెక్‌కీ మధ్య. టెక్ పిచర్ నైజరీ కెనడీ. పది లక్షల డాలర్లు దాటిన ఒప్పందంతో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన అమ్మాయి. మొదటి ఆటలో టెక్సాస్‌కి వచ్చినవి రెండు పరుగులే, అవీ కావాలని వాక్ ఇస్తూ (కొట్టే అవకాశం లేకుండా దూరంగా వేసి బ్యాటర్‌ని మొదటి బేస్‌కి పంపేస్తూ) వేసిన బంతి చేతికందేంత దగ్గరగా పడితే టెక్సాస్ బ్యాటర్ రీస్ యాట్‌వుడ్ కొట్టేసినవి. రెండో ఆట టెక్ గెలిచింది. మూడో ఆటకి వచ్చేసరికి అదే చెయ్యి, అవే బంతులు, అవే బ్యాటర్లు. మొదటి ఇన్నింగ్స్‌లోనే ఐదు పరుగులు, కెనడీ బయటికి. టెక్సాస్ 10–4తో గెలిచింది. దేశంలోకెల్లా పేరున్న పిచర్‌ని మూడు రోజులు వరసగా చూసిన బ్యాటర్లు ఆ పని చేశారు. ఏడాదంతా చూసేవాళ్ళ సంగతి ఇంక చెప్పాలా?

ఆ రోజు టీవీలో అందరూ ఐదు పరుగుల గురించే మాట్లాడారు. నాకు కనిపించింది వేరే. ఆ టోర్నీలో అంతవరకూ టెక్ తరఫున వేసిన ప్రతి బంతీ ఆ ఒక్క అమ్మాయే వేసింది. ఆ చెయ్యి ఎంత అలిసిపోయి ఉంటుంది? బ్యాటర్ కొట్టిన దెబ్బలు అందరూ లెక్కపెడతారు. పిచర్ వేసిన బంతులు ఎవరూ లెక్కపెట్టరు. నా కడుపు మంట అసలు అక్కడ మొదలైంది, ఈరోజు కాదు, మా అమ్మాయికి పద్నాలుగేళ్ళప్పుడు.

హైస్కూల్ బేస్‌బాల్‌లో 2017 నుంచి ప్రతి రాష్ట్రమూ పిచర్ ఎన్ని బంతులు వేయొచ్చో పరిమితి పెట్టాలని జాతీయ సమాఖ్య నియమం పెట్టింది. సాఫ్ట్‌బాల్‌కి అలాంటి నియమం పెట్టలేదు. మగపిల్లల చేతులకి లెక్క ఉంది, ఆడపిల్లల చేతులకి లేదు. ఎందుకయ్యా అంటే "అండర్‌హ్యాండ్ కదా, సహజమైన కదలిక, చేతికి ఏమీ కాదు" అంటారు. నేను ఈ మాట ఎంతమంది కోచ్‌ల నోట విన్నానో! విండ్‌మిల్ పిచ్‌లో (చెయ్యి గుండ్రంగా తిప్పి కింద నుంచి వేయడంలో) భుజం మీద పడే లాగుడు బేస్‌బాల్ పిచర్ల భుజం మీద పడేదానికి దగ్గరగా ఉంటుందని కొలిచి చూపించిన పరిశోధనలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఫిజియోథెరపిస్టుని అడగండి, భుజం ముందు వైపు నొప్పితో వచ్చే పిచర్లు ఎంతమందో చెప్తారు.

మా అమ్మాయి ట్రావెల్ టీమ్ కోచ్ శనివారం ఆటలన్నీ వేయించి, ఆదివారం మళ్ళీ మొదటి ఆట నుంచి వేయించేవాడు. గెలుస్తూ ఉంటే ఆటలు పెరుగుతాయి, ఆటలు పెరిగితే బంతులు పెరుగుతాయి. సోమవారం పొద్దున జడ వేసుకోవడానికి ఆ పిల్లకి చెయ్యి లేవలేదు. నేను వేశాను. స్కూల్ బస్సు ఎక్కించి ఆ కోచ్‌కి ఫోన్ చేసి అడిగితే "పెద్ద పిచర్లంతా ఇలాగే వేసి పైకొచ్చారు, మీ అమ్మాయికి గట్టితనం రావాలి" అన్నాడు. గట్టితనం! పెరటిలో బకెట్ బోర్లించి, దాని మీద కూర్చుని రోజూ సాయంత్రం ఆ పిల్ల బంతులు పట్టింది నేను. నా అరచెయ్యి వాచిపోయేది. ఆ పిల్ల గట్టితనం ఏంటో నాకు చెప్తాడా? ఆ వేసవిలోనే టీమ్ మార్చేశాం. ఆ తల్లి గొడవ మనిషి అని చుట్టుపక్కల అందరికీ చెప్పాడు. భుజం మామూలు కావడానికి చాలా నెలలు పట్టింది, దాని తర్వాతే మా అమ్మాయికి రైజ్ బాల్ కుదిరింది.

డాలస్, ఫ్రిస్కో, అట్లాంటా వైపు మన తెలుగు పిల్లలు ఇప్పుడు పదేళ్ళకే పిచింగ్ మొదలుపెడుతున్నారు. మీలో అలాంటి పిల్లల తల్లిదండ్రులుంటే, లెక్కపెట్టే క్లిక్కర్ ఒకటి కొనుక్కోండి, చాలా చవక. వార్మప్ బంతులు, బుల్‌పెన్ బంతులు, ఇంట్లో వేసినవి, సొంత టీమ్ పిల్లలకి ప్రాక్టీసులో వేసినవి, అన్నీ కలిపి నొక్కండి. మ్యాచ్‌లో వేసినవే లెక్క అనుకుంటారు చాలామంది, భుజానికి ఆ తేడా తెలియదు. వారం లెక్క ఒక పుస్తకంలో రాయండి. ఆదివారం మధ్యాహ్నం కోచ్ ఇంకో ఆటకి పిలిస్తే ఆ పుస్తకం చూపించండి. వినకపోతే బ్యాగ్ సర్దుకుని వచ్చేయండి. మా ఊరి చుట్టుపక్కల బంతులు లెక్క రాసి, అలిసిన పిల్లని పక్కన కూర్చోబెట్టే కోచ్‌లు నాకు తెలుసు. టీమ్ మారాలనుకునేవాళ్ళు ఇన్‌బాక్స్‌లో అడగండి, వివరాలు పంపిస్తాను.