పేరు తప్పయితే శిక్ష రోగికా?

ఎక్స్‌రే నార్మల్. థైరాయిడ్ నార్మల్. రక్త పరీక్షల్లో కీళ్లవాతం జాడ లేదు. అయినా పొద్దున్నే కుక్కర్ మూత తిప్పబోతే చేతులు పట్టేస్తాయి, ఒళ్లంతా సలుపు, రాత్రంతా పడుకున్నా తీరని అలసట. ఫైలు తిరగేసిన డాక్టరు ‘ఏం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి’ అని పంపేస్తాడు. ఒళ్లంతా నొప్పులు, అలసటతో ఏళ్ల తరబడి వేధించే ఫైబ్రోమయాల్జియా అనే జబ్బుతో బాధపడేవారిలో ఎందరికో దక్కుతున్న వైద్యం ఇంతే.

ఈ నిర్లక్ష్యం ఇవాళ్టిది కాదు. 1904లో బ్రిటిష్ వైద్యుడు విలియం గోవర్స్ నడుము నొప్పి గురించి చెబుతూ ‘ఫైబ్రోసైటిస్’ అన్న మాట వాడారు. కండరాల పీచులో వాపు ఉందని ఆ పేరే చెప్పేస్తోంది. ఇక దశాబ్దాలపాటు వాపు కోసం వెతుకులాట. వాపు దొరకలేదు. పేరు తప్పని ఒప్పుకోవాల్సిన చోట రోగి మాటే తప్పన్నవారు కోకొల్లలు. 1970ల్లో ‘ఫైబ్రోమయాల్జియా’ అన్న పేరు వచ్చాక గానీ వాపు గొడవ పక్కకు పోలేదు. నాడీవ్యవస్థే నొప్పిని పెంచి చూపుతోందన్న కోణానికి బలం చేకూరింది ఆ తర్వాతే.

అంతటితో అయిందా? 1990లో కీళ్లు, కండరాల జబ్బుల వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఈ జబ్బును గుర్తించడానికి ఒంటిమీద 18 చోట్ల నొక్కి చూడమంది, కనీసం 11 చోట్ల నొప్పెట్టాలంది. పరిశోధన కోసం పెట్టిన ఆ లెక్క క్లినిక్కుల్లో తీర్పుగా మారింది. పది చోట్లే నొప్పి ఉన్న మనిషి ఏం కావాలి? ఆ నొక్కుడు లెక్కను 2010లో పక్కన పెట్టి అలసటకు, నిద్రపోయినా తీరని బడలికకు చోటిచ్చారు. మధ్యలో ఇరవై ఏళ్లు పోయాయి.

పేరు తగిలిస్తే మనిషి జబ్బుకే అంటిపెట్టుకుపోతాడని కొందరు వైద్యుల వాదన. 1990 ప్రమాణాల రూపకర్తల్లో ముఖ్యుడైన ఫ్రెడరిక్ వుల్ఫే తర్వాత ఈ పేరును శంకించారు. శంకించవచ్చు. కానీ పేరు మీద అనుమానాన్ని నొప్పి మీదికి నెట్టే హక్కు ఎవరికీ లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ ఐసీడీ-11 దీర్ఘకాలిక నొప్పినే ఒక జబ్బుగా గుర్తించింది. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మాత్రం దానికి చోటు లేదు. జాబితాలో పేరు లేకపోతే సర్టిఫికెట్ లేదు, సదుపాయం లేదు. వాపు కనిపించలేదని నాడు రోగిని తప్పుపట్టినవారికీ, జాబితాలో లేదని నేడు చేతులు దులుపుకొంటున్న ప్రభుత్వాలకూ తేడా ఏమిటి? స్కానింగులో కనిపించనిదల్లా టెన్షనేనని తేల్చే డాక్టర్లు ముందు ఆ మాట మానుకోవాలి. ఫీజు తీసుకుంది రోగి చెప్పేది వినడానికి కూడా!