పర్లాకిమిడి బస్సు సంగతి ఢిల్లీలో తేలదు

ఒడిశాలోని పర్లాకిమిడి, సరిహద్దుకు ఇవతల ఆంధ్రాలోని పాతపట్నం వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ఫ్రాన్స్‌లో రైల్వే, మెట్రో సంస్థల అధిపతులను పార్లమెంటే ఎన్నుకుంటుంది. మన రాజ్యాంగంలోనూ ఆ ఏర్పాటు ఉంది గానీ ప్రభుత్వాలు తొక్కిపెట్టాయి. అది అమలైతే రైల్వే బోర్డు ఛైర్మన్ నుంచి ఆర్టీసీ ఎండీ దాకా అందరూ మన ఎంపీ ముందు చేతులు కట్టుకుని నిలబడతారు, సరిహద్దు దాటే బస్సులు పెరుగుతాయి. ఇప్పుడైతే వీళ్లను అడిగే నాథుడే లేడు.

వినడానికి బాగుంది కాబట్టే అందరూ పంచుకున్నారు. ఒక్కో మాట చూద్దాం.

ఫ్రాన్స్‌లో పార్లమెంటు ఎన్నుకోదు. పేరు చెప్పేది దేశాధ్యక్షుడే. 2008లో రాజ్యాంగాన్ని సవరించినప్పుడు 13వ అధికరణంలో ఒక షరతు చేర్చారు. కొన్ని పెద్ద పదవులకు అధ్యక్షుడు పేరు ప్రతిపాదించాక, ఆ మనిషి రెండు సభల్లోని సంబంధిత కమిటీల ముందుకు వెళ్లి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఏయే పదవులో 2010 నాటి చట్టం జాబితా ఇచ్చింది. జాతీయ రైల్వే సంస్థ ఎస్ఎన్‌సీఎఫ్, పారిస్‌లో మెట్రో, బస్సులు నడిపే ఆర్ఏటీపీ అందులో ఉన్నాయి. ప్రశ్నలు బహిరంగంగా అడుగుతారు, ఓటు రహస్యంగా వేస్తారు. కిటుకంతా లెక్కలో ఉంది. రెండు కమిటీల్లో పడిన ఓట్లన్నీ కలిపి, అందులో అయిదింట మూడు వంతులు వ్యతిరేకంగా ఉంటేనే నియామకం ఆగుతుంది. అంటే వంద ఓట్లు పడితే 59 మంది వద్దన్నా సరే, ఆయన కుర్చీ ఎక్కేయవచ్చు! మాజీ ప్రధాని జాఁ కాస్టెక్స్ 2022లో ఆర్ఏటీపీకి, 2025లో ఎస్ఎన్‌సీఎఫ్‌కి వెళ్లింది ఈ దారినే. దేశానికి ప్రధానిగా చేసినవాడైనా కమిటీ ముందు కూర్చోవలసిందే అన్నది నాకు భలే నచ్చింది. కానీ కూర్చోబెట్టి అడగడం వేరు, ఎన్నుకోవడం వేరు.

బ్రిటన్‌లో అయితే పార్లమెంటు కమిటీ వద్దన్నా మంత్రి తన పని తాను చేసుకుపోవచ్చు. అమెరికాలో ఆమ్‌ట్రాక్ రైల్వే డైరెక్టర్లకు సెనేట్ ఆమోదం కావాలి గానీ, సీఈఓను పెట్టుకునేది ఆ డైరెక్టర్ల బోర్డే.

ఇక మన రాజ్యాంగంలో ఉందన్న మాట. లేదు. ఫార్వర్డ్‌లో అధికరణం నంబరు ఎందుకు వేయలేదో దీన్నిబట్టే తెలుస్తుంది. తొక్కిపెట్టాలన్నా ముందు ఆ ఏర్పాటంటూ ఒకటి ఉండాలి కదా! రైల్వే బోర్డు ఛైర్మన్ పేరును ఖాయం చేసేది ప్రధాని, హోంమంత్రి ఉండే నియామకాల క్యాబినెట్ కమిటీ. 2023లో జయా వర్మ సిన్హా తొలి మహిళా ఛైర్‌పర్సన్ అయినప్పుడూ అంతే, ఎంపీల ఇంటర్వ్యూ ఏమీ లేదు. అసలు మన రైల్వే ఫ్రాన్స్‌లోలా కంపెనీ కూడా కాదు, నేరుగా మంత్రిత్వ శాఖ నడిపేది.

అడిగే నాథుడే లేడన్నది సగం నిజం. పదవిలోకి రాకముందు అడిగేవాళ్లు లేరు, వచ్చాక ఉన్నారు. 1964 నుంచి పార్లమెంటులో ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ పనిచేస్తోంది. లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి 7 మంది సభ్యులు. రైల్వేకు 31 మందితో వేరే స్థాయీ సంఘం ఉంది, బోర్డు అధికారులను పిలిపించి బడ్జెట్ పద్దుల మీద నిలదీస్తుంది. మన ఊళ్ల మీదుగా పోయే నౌపడా-గుణుపురం రైల్వే లైను మీద మనకేదైనా కావాలంటే ఎంపీ చేత ప్రశ్న వేయించడం పనికొచ్చే మార్గమే. పదవికి ముందే ఫ్రాన్స్ తరహాలో ఒక విచారణ కూడా పెడితే మంచిదేనని నా అభిప్రాయం. అయితే అది కొత్తగా తేవలసిన చట్టం.

అసలు పొరపాటు బస్సు దగ్గర జరిగింది. ఆర్టీసీ ఎండీని నియమించేది 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం. పర్లాకిమిడి బరంపురం లోక్‌సభ స్థానంలో ఉంది, పాతపట్నం శ్రీకాకుళం స్థానంలో ఉంది. ఆ ఇద్దరు ఎంపీలకూ ఈ నియామకంలో చెయ్యి లేదు. ఆంధ్రాలో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులే అయ్యారు కాబట్టి, అడగవలసింది అక్కడి అసెంబ్లీలో రవాణా మంత్రిని.

పోనీ ఎండీ ఎంత మంచివాడు వచ్చినా, తన ఇష్టానికి బస్సును సరిహద్దు దాటించలేడు. ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ మీద పక్క రాష్ట్రం కూడా ఒప్పుకుంటున్నట్టు దాని కౌంటర్ సంతకం పడాలి. ఎన్ని పర్మిట్లు, ఏ రూట్లు అన్నది రెండు ప్రభుత్వాలు కుదుర్చుకునే ఒప్పందంలో ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 88వ సెక్షన్ ఇది. ఇందులో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. ఒప్పందం కుదిరే ముందు ప్రతిపాదనను గెజెట్‌లోనూ, స్థానిక పత్రికల్లోనూ ప్రకటించాలి. వచ్చిన విజ్ఞప్తులను పరిశీలించే తేదీకి, గెజెట్ ప్రకటనకు మధ్య కనీసం 30 రోజుల గడువు ఉండాలి. ఫలానా రూట్లో రాత్రి ఎనిమిది దాటాక ఒక ట్రిప్పు కావాలని కాగితం మీద రాసి పంపవలసింది అప్పుడే, భువనేశ్వర్‌కీ అమరావతికీ రెండు చోట్లకూ.