డిఫరెన్షియల్ హౌసింగ్ విప్పించే ముందు హబ్‌లు తిప్పి చూడండి

హైదరాబాద్‌లో పాత జిప్సీలు నడిపేవాళ్ల ఫోన్లలో ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ముందు నుంచి మోత వచ్చినా, ఫోర్ వీల్‌లో మలుపు తిరిగేటప్పుడు పట్టేసినా, బురదలో ముందు ఒక్క చక్రమే తిరిగినా ముందు డిఫరెన్షియల్, అంటే రెండు ముందు చక్రాలకు శక్తిని పంచే గేర్ల సెట్టు, పోయినట్టేనట. చిక్కటి ఆయిల్ పోసి కొన్నాళ్లు నెట్టుకొచ్చి, తర్వాత ఆ సెట్టు మార్చేయాలట. ఈ నాలుగు మాటలూ తప్పు. మొదటిదాన్ని నమ్మి నేను డబ్బు పోగొట్టుకున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

మొదట మోత సంగతి. ముందు చక్రాన్ని యాక్సిల్‌తో కలిపేందుకు (లాక్), విడదీసేందుకు (ఫ్రీ) చేత్తో తిప్పే హబ్‌లుంటాయి కొన్ని జిప్సీల్లో. ఆ హబ్‌లు ఫ్రీలో, లివర్ 2హెచ్‌లో, అంటే వెనక చక్రాలకే శక్తి వెళ్లే స్థానంలో ఉంటే, ముందు వైపు చక్రాలు మాత్రమే తిరుగుతాయి. లోపల యాక్సిల్ షాఫ్టులు, డిఫరెన్షియల్‌లోని క్రౌన్, పినియన్ గేర్లు, దానికి శక్తిని తెచ్చే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నీ కదలకుండా ఉంటాయి. తిరగని డిఫరెన్షియల్ మోత ఎలా చేస్తుంది? నా బండి 50 దాటితే గుయ్యిమనేది. ఒక గ్యారేజీలో హౌసింగ్ విప్పి క్రౌన్ పినియన్ మార్చారు. ఇంటికి వచ్చే దారిలోనే మళ్లీ అదే మోత. ఆటోనగర్‌లో ఒక పెద్ద ఉస్తాద్ అడిగింది ఒక్కటే: "హబ్‌లు ఫ్రీలో ఉన్నా వస్తోందా?" వస్తోందన్నాను. బండిని జాకీ మీద లేపి, నా అరచేతిని చక్రం వెనకుండే నకిల్ మీద ఆనించి చక్రం తిప్పారు. లోపల ఇసుక పోసినట్టు గరగర చేతికి తగిలింది. పోయింది వీల్ బేరింగ్.

హబ్‌లు లాక్ చేశాకే మోత మొదలైతే అప్పుడు అనుమానం లోపలికి వెళ్తుంది. మట్టిరోడ్డు మీద 4హెచ్‌లో, అంటే నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే స్థానంలో, తిన్నగా పోతూ యాక్సిలరేటర్ తొక్కి వదలండి. తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఒకలా ఊళ వేస్తే క్రౌన్ పినియన్‌నో పినియన్ బేరింగ్‌నో చూడాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడే కటకటమంటే చక్రం దగ్గరి యాక్సిల్ జాయింట్. బండి కదలగానే టక్కుమంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర్లలోని జాయింట్లు, అంటే క్రాస్‌లు, ఊపి చూడండి.

మలుపులో పట్టేయడం రోగం కాదు. ఇలాంటి బండ్లలో ముందు, వెనక యాక్సిల్‌ల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, 4హెచ్‌లో రెండు యాక్సిల్‌లూ ఒకే లెక్కన తిరుగుతాయి. మట్టిలో టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారురోడ్డు మీద జారే వీలు లేక స్టీరింగ్ బిగుసుకుంటుంది, లివర్ కూడా బయటికి రాదు. నాలుగైదు మీటర్లు తిన్నగా రివర్స్ చేస్తే వదులుతుంది. తారు మీద 4హెచ్ వేయకపోతే అసలు ఈ టెన్షనే ఉండదు.

ఒక్క చక్రమే తిరగడమంటారా, లాక్ లేని డిఫరెన్షియల్ ఎప్పుడూ అంతే. పట్టు లేని వైపే తిరుగుతుంది.

చిక్కటి ఆయిల్ మాట మాత్రం ప్రమాదం. అది కొన్నాళ్లు మోతను అణచవచ్చు, అరిగిన పన్ను మళ్లీ మొలవదు. బండి మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి. చాలా బండ్లకు అది 80డబ్ల్యూ-90, జీఎల్-5 రకం. పోసే రంధ్రం కింది అంచుదాకా ఉంటే చాలు.

అంతకన్నా ముందు పాత ఆయిల్ రంగు చూడండి. వానాకాలంలో మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లలోంచి వచ్చారనుకోండి. వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారిగా చల్లబడి లోపలి గాలి కుదించుకుపోతుంది. హౌసింగ్‌కు గాలి ఆడే చిన్న రంధ్రం, అంటే బ్రీదర్, మట్టితో మూసుకుపోయి ఉంటే సీళ్ల సందులోంచి నీళ్లు లాక్కుంటుంది. అప్పుడు ఆయిల్ పాలు కలిపిన టీలా దిగుతుంది. బ్రీదర్ శుభ్రం చేయించి, సీళ్లు చూపించి, వెంటనే ఆయిల్ మార్పించండి.

దించిన ఆయిల్లో ఒక అయస్కాంతం తిప్పండి. మెత్తటి బూడిదరంగు పేస్టు అంటుకుంటే అది మామూలు అరుగుదల. వేళ్ల మధ్య గుచ్చుకునే ముక్కలు వస్తే, అప్పుడు హౌసింగ్ విప్పించండి.