కె-డ్రామాల మీద ఇష్టం మనకు కొత్తేం కాదు

డిగ్రీ చదివే అమ్మాయి ఉన్న ఇంట్లో ఇప్పుడు కొరియన్ డ్రామా ఉన్నట్టే. లాక్‌డౌన్‌లో ‘క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ’తో చాలామందికి అంటుకున్న ఈ ఇష్టం, 2021లో ‘స్క్విడ్ గేమ్’ వచ్చాక మగపిల్లలకూ పాకింది. తెలుగు డబ్బింగులు వస్తున్నాయి కాబట్టి అమ్మలూ వచ్చి కూర్చుంటున్నారు. ఇదంతా అందరికీ తెలిసిందే. దీనికి చెబుతున్న కారణాలే నాకు మింగుడుపడటం లేదు. హీరోల అందమట, కొరియన్ బ్యాండ్ బీటీఎస్ పాటలట, మంచు కురిసే సియోల్ వీధులట. అవి మొదటి ఎపిసోడ్ నొక్కేదాకా పనిచేస్తాయి. కథ ముగిసే పదహారో ఎపిసోడ్ దాకా, తెల్లవారితే ఆఫీసుందని తెలిసీ, నన్ను కదలనివ్వనిది మాత్రం రచన. ఆ రచన చేస్తున్నది ఎక్కువగా ఆడవాళ్ళు.

పేర్లు చూడండి. ‘క్రాష్ ల్యాండింగ్’ రాసింది పార్క్ జీ-యున్. ‘గాబ్లిన్’, ‘మిస్టర్ సన్‌షైన్’, ‘ది గ్లోరీ’ కిమ్ యున్-సూక్ రాశారు. ‘మై మిస్టర్’ పార్క్ హే-యంగ్‌ది, ‘రిప్లై 1988’ లీ వూ-జంగ్‌ది, ‘అవర్ బ్లూస్’ నో హీ-క్యుంగ్‌ది. అందరూ రచయిత్రులే. అక్కడ కొత్త డ్రామా వస్తోందంటే ఫలానా రచయిత్రి డ్రామా అని చెప్పుకుంటారు. ‘అవర్ బ్లూస్’లో డౌన్ సిండ్రోమ్ ఉన్న అక్క పాత్రకు, నిజంగా డౌన్ సిండ్రోమ్ ఉన్న చిత్రకారిణి జంగ్ యున్-హేనే తీసుకున్నారు. రచయిత మాటకు సెట్‌లో విలువ ఉన్నచోటే ఇలాంటివి జరుగుతాయి.

2025లో వచ్చిన ‘వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరిన్స్’లో ఒక భోజనం సీన్ ఉంది. అరవయ్యో దశకపు జెజు దీవి. అత్తవారింట్లో మగవాళ్ళకు ఒక బల్ల, ఆడవాళ్ళకు వేరే బల్ల. కొత్త కోడలు ఏ-సూన్ ఆడవాళ్ళ బల్ల దగ్గర కూర్చుంటుంది. భర్త గ్వాన్-షిక్ కూర్చున్నచోటే వెనక్కి తిరిగి, మగవాళ్ళ బల్లకు వీపు పెట్టి, భార్య వైపు మొహం పెట్టుకుని తింటాడు. తిరుగుబాటంటే అంతే. మగవాళ్ళ పంక్తి లేచాక వంటింట్లో మిగిలిన కూరతో సరిపెట్టుకున్న అమ్మమ్మలు ఉన్న ఏ ఇంటి ఆడపిల్లకైనా ఆ సీన్‌కు వ్యాఖ్యానం అక్కర్లేదు. చిన్నప్పటి ఏ-సూన్ అల్చిప్పల కోసం సముద్రంలో మునిగే తల్లి మీద ఒక కవిత రాస్తుంది. అవి అమ్మితే వచ్చే వంద హ్వాన్లు తనే ఇచ్చి, అమ్మను ఒక్కరోజు కొనుక్కోవాలని ఆ పిల్ల కోరిక. లిమ్ సాంగ్-చూన్ ఈ కథ రాశారు. ఇలాంటివి చూసి ఏడుస్తున్న పిల్లల్ని పట్టుకుని ‘కొరియా పిచ్చి’ అనడం అన్యాయం.

అసలు ఈ రుచి మనది. యద్దనపూడి సులోచనారాణి నవల ‘సెక్రటరీ’లో రాజశేఖరం ఎవరు? డబ్బు, హోదా, బయటపడని మనసు, ఆత్మాభిమానమున్న జయంతి ముందు మాత్రం తడబాటు. ఈ రోజు సియోల్‌లో కోటు వేసుకుని గొడుగు పట్టుకుని నిలబడేది అతనే. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమా అయింది. యద్దనపూడి ‘మీనా’ను 1973లో విజయనిర్మల సినిమాగా తీశారు. ‘సెక్రటరీ’ 1976లో తెరకెక్కింది. పత్రిక ఇంటికొస్తే సీరియల్ పేజీ ఎవరు ముందు చదవాలని అక్కచెల్లెళ్ళు కొట్టుకున్న రోజులవి. నిర్మాతలు రచయిత్రుల నవలల హక్కుల కోసం వెంటపడ్డారు. తొంభైల్లో దూరదర్శన్‌లో మంజులా నాయుడు తీసిన ‘ఋతురాగాలు’ కోసం ఇల్లాళ్ళు పనులు ముందే ముగించుకునేవారు. ఆ తర్వాత ఆ దారిని మనమే మూసేశాం.

మూసేసింది ఎలాగంటే, ముగింపు అనేదాన్నే తీసేసి. ఈటీవీలో ‘అభిషేకం’ 2008లో మొదలై 2022 దాకా నాలుగు వేల ఎపిసోడ్లు నడిచింది. అన్నేళ్ళు రోజూ షూటింగ్ చేయడం చిన్న పని కాదు, ఆ కష్టాన్ని తక్కువ చేయను. కానీ ఏ రచయితా ఒక కథను అంతదూరం మోయలేరు. వారం వారం వచ్చే రేటింగ్ చూసి కోడలికి జ్ఞాపకం పోవాలా, కవలలు పుట్టాలా అని నిర్ణయించేచోట కథ రాసేవాళ్ళకు చేతినిండా పని ఉంటుంది తప్ప అధికారం ఉండదు. తెలుగులో ఇప్పుడు నడుస్తున్న ఏ సీరియల్ రచయిత పేరైనా ఇంట్లో అడిగి చూడండి. రోజూ చూసేవాళ్ళే చెప్పలేరు.

కొరియన్ డ్రామాలు కలలమ్ముతున్నాయని, ఆ దేశంలో ఆడవాళ్ళ బతుకు అలా లేదని అనేవాళ్ళున్నారు. లేదు, నిజమే. 2023లో అక్కడ సంతానోత్పత్తి రేటు 0.72కి పడిపోయింది. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు మూడూ మోయలేక అమ్మాయిలు పెళ్ళే వద్దంటున్నారు. ఆ రచయిత్రులు దాన్ని దాచడం లేదు కదా! ‘ది గ్లోరీ’ స్కూల్లో జరిగే హింసను చూపిస్తే చూడటానికే కష్టమైంది.

అందుకని మన ఛానెళ్ళనూ ఓటీటీలనూ నేను అడిగేది కొరియన్ రీమేకులు కాదు. ‘విముక్త’ కథలకు 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు అందుకున్న ఓల్గా మన మధ్యే ఉన్నారు. ఆన్‌లైన్‌లో సీరియళ్ళు రాస్తూ వేలమందితో చదివించుకుంటున్న కొత్త అమ్మాయిలున్నారు. వాళ్ళలో ఒకరికి పదహారు ఎపిసోడ్లు ఇవ్వండి. ముగింపు మార్చే హక్కు ఆమెకు తప్ప ఎవరికీ లేదని అగ్రిమెంట్‌లో రాయండి. పోస్టర్ మీద హీరో పేరు కన్నా ముందు ఆమె పేరు వేయండి.